గేర్‌బాక్స్‌కు వచ్చే వయసు

2005లో బీఎండబ్ల్యూ కొత్త ఎం5ను అమ్మకానికి పెట్టినప్పుడు, కాగితం మీద అది పాత ఎం5ను అన్ని విధాలా వెనక్కి నెట్టేసింది. పాతదానిలో 400 హార్స్‌పవర్ వీ8 ఇంజన్, చేత్తో మార్చే ఆరు గేర్లు. కొత్తదానిలో 507 హార్స్‌పవర్ వీ10, క్లచ్ పెడల్ లేకుండా సెకనులో పదో వంతు కూడా పట్టకుండా మారే ఏడు గేర్లు. ఆనాటి లెక్కలు ముందు పెట్టుకుని పాతదే మేలని వాదించడం కష్టం. ఇరవై ఏళ్లు గడిచాక సెకండ్ హ్యాండ్ ధరలు చూస్తే వరుస తారుమారైంది. బలం తక్కువైన పాత కారుకే సాధారణంగా ఎక్కువ ధర పలుకుతోంది. కొత్తదానిలో సైతం ఏడు గేర్ల కారు కంటే, ఆ తర్వాత అమెరికా కోసం తయారుచేసిన ఆరు గేర్ల మాన్యువల్ కారుకే గిరాకీ. దీన్ని చాలామంది పాతకాలపు మోజుగా కొట్టిపారేస్తారు. మోజు కొంత ఉన్నమాట నిజమే. కానీ స్పోర్ట్స్ సెడాన్ చరిత్రను మొదటినుంచి చదువుకుంటూ వస్తే అంతకంటే గట్టి కారణం ఒకటి కనిపిస్తుంది. రెండో యజమాని చేతిలో గేర్‌బాక్స్ ఎలా నిలుస్తుందన్నది అది మాన్యువలా ఆటోమేటిక్కా అన్నదాని మీద కంటే, అదే గేర్‌బాక్స్ ఇంకా ఎన్ని కార్లలో పనిచేసిందన్నదాని మీద ఎక్కువగా ఆధారపడింది. వేరియంట్ సంగతీ దాదాపు అంతే.

ఈ రకం కారు యుద్ధం తర్వాతి యూరప్‌లో రూపుదిద్దుకుంది. ఇంటిల్లిపాదీ కూర్చోవడానికి నాలుగు తలుపులు కావాలి, అదే కారు ఆదివారం కొండదారిలో ఉత్సాహంగా పరుగెత్తాలి. రెండు కార్లు కొనే స్తోమత లేని మధ్యతరగతి కోరిక అది. ఇటలీలో ఆల్ఫా రోమియో 1962లో తెచ్చిన జూలియా టీఐ చూడటానికి నలుపలకల కుటుంబపు కారు. లోపల 1570 సీసీ ట్విన్ క్యామ్ ఇంజన్, మామూలు కార్లకు మూడో నాలుగో గేర్లు ఉండే రోజుల్లో ఐదు గేర్లు. జర్మనీలో బీఎండబ్ల్యూ 1959 చివర్లో డైమ్లర్ బెంజ్ చేతుల్లోకి పోబోయి తృటిలో తప్పించుకుంది. 1961 ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో చూపించిన 1500 సెడాన్‌తో మళ్లీ నిలదొక్కుకుంది. దాన్నుంచి పుట్టిన 1800 టీఐకి 110 హార్స్‌పవర్. రేసుల కోసం అందులోంచి తీసిన టీఐ/ఎస్‌ఏకు 130 హార్స్‌పవర్, ఐదు గేర్లు. అవి తయారైనవి 200 మాత్రమే, అవీ రేసు లైసెన్సు ఉన్నవాళ్లకే. గేర్‌బాక్స్, వేరియంట్ ఒకదానికొకటి ముడిపడటం ఈ కార్లతోనే కనిపిస్తుంది. పైమెట్టు కావాలంటే ఆ గేర్లు తీసుకోవాలి. ఆ గేర్లు కావాలంటే పైమెట్టు ఎక్కాలి.

ఇంగ్లండ్‌లో జాగ్వార్ మాత్రం కొనేవాడి ఇష్టానికే వదిలేసింది. 1959లో వచ్చిన మార్క్ 2లో పెద్దది 3.8 లీటర్ల ఇంజన్, 220 హార్స్‌పవర్. దాన్ని నాలుగు గేర్ల మాన్యువల్‌తో తీసుకోవచ్చు, దానికి ఓవర్‌డ్రైవ్ జోడించుకోవచ్చు, లేదా బోర్గ్ వార్నర్ కంపెనీ ఆటోమేటిక్‌తో తీసుకోవచ్చు. ఆ మాన్యువల్ అంత సుఖమైనదేం కాదు. మొదటి గేరుకు సింక్రోమెష్ లేదు, లివర్ బరువు, మార్చడం నెమ్మది. 1965లో గాని కొత్త గేర్‌బాక్స్ రాలేదు. అయినా ఇవాళ మార్క్ 2 కొనేవాళ్లు ముందుగా అడిగేది మాన్యువల్ విత్ ఓవర్‌డ్రైవ్‌నే, ధర పెరిగేదీ దానికే. ఆటోమేటిక్ అప్పటికి పసిబిడ్డ అనుకోవడానికి లేదు. జనరల్ మోటార్స్ 1940 మోడల్ ఓల్డ్స్‌మొబిల్‌లోనే హైడ్రామాటిక్‌ను అమ్మింది, యుద్ధకాలంలో దాన్ని ట్యాంకుల్లో కూడా వాడారు. మాన్యువల్ గేర్లు కరకరమనకుండా పడేలా చేసిన సింక్రోమెష్‌ను కెడిలాక్‌కు ఇచ్చిన ఎర్ల్ థాంప్సన్, ఈ హైడ్రామాటిక్ రూపకల్పనకూ ముఖ్యుడు. ఒకే ఇంజనీరు మాన్యువల్‌ను సులువు చేశాడు, దాని అవసరమే లేకుండానూ చేశాడు. మరి స్పోర్ట్స్ సెడాన్ వాళ్లు ఆటోమేటిక్‌ను ఎందుకు దూరం పెట్టారు? ఆ రోజుల ఆటోమేటిక్‌లో ఇంజన్ బలం ద్రవం గుండా చక్రాలకు చేరాలి, దారిలో కొంత వేడిగా మారి పోయేది. గేరు ఎప్పుడు మారాలో యంత్రమే తేల్చుకునేది, మలుపు మధ్యలో కూడా. పెద్ద అమెరికన్ ఇంజన్లు ఆ నష్టాన్ని సులువుగా మోశాయి. రెండు లీటర్లలోపు యూరప్ ఇంజన్‌కు అది భారమే. క్రీడ అంటే మాన్యువల్ అన్న నమ్మకానికి పునాది అక్కడుంది. నిజంగా యంత్రంలో ఉన్న తేడా మీదే ఆ నమ్మకం కట్టుకుంది.

వేరియంట్ల చరిత్ర వేరే దారిలో, వ్యాపారం దారిలో వచ్చింది. 1920ల్లో జనరల్ మోటార్స్‌ను నడిపిన ఆల్ఫ్రెడ్ స్లోన్ షెవర్లే నుంచి కెడిలాక్ దాకా మెట్లమెట్లుగా ధరలు పేర్చాడు. ప్రతి జేబుకూ ఒక కారు ఉండాలన్నది ఆయన విధానం. తర్వాత ఒక్కో బ్రాండ్ లోపల కూడా మెట్లు లేచాయి. 1953లో షెవర్లేకు 150, 210, బెల్ ఎయిర్ అని మూడు అంతస్తులు. 1970లో బ్రిటన్‌లో ఫోర్డ్ కోర్టినాకు ఎల్, ఎక్స్‌ఎల్, జీటీ, జీఎక్స్‌ఎల్ అన్న అక్షరాలు; కంపెనీ కారు పొందే ఉద్యోగి హోదా ఎంతో వెనకున్న అక్షరాలు చూసి చెప్పగలిగేవారు. మన మారుతి కార్ల మీద ఎల్ఎక్స్ఐ, వీఎక్స్ఐ, జెడ్ఎక్స్ఐ అన్నవి ఆ వంశంలోవే. ఈ అక్షరాలు మొదటి యజమానిని ఉద్దేశించి పుట్టినవి. తోలు సీటు, చెక్క పలక, పెద్ద చక్రం, సన్‌రూఫ్ అతను షోరూమ్‌లో చేత్తో తడిమి చూసి కొనేవి. పదేళ్ల తర్వాత మరొకరికి అవి ఖర్చవుతాయా ఆసరా అవుతాయా అన్నది ఆ వరుసలు పేర్చినవాళ్ల లెక్కలో లేదు.

ఆ రెండో మనిషి ఇబ్బందికి ఆర్థికశాస్త్రంలో ప్రసిద్ధమైన వివరణ ఒకటుంది. జార్జ్ అకర్లాఫ్ 1970లో రాసిన వ్యాసం సరిగ్గా సెకండ్ హ్యాండ్ కార్ల మీదే. 2001లో ఆయనకు నోబెల్ వచ్చిన కృషిలో అది ముఖ్యమైనది. అమ్మేవాడికి కారు లోపం తెలుసు, కొనేవాడికి తెలియదు. ఆ భయంతో కొనేవాడు అన్ని కార్లకూ తక్కువ ధరే ఇస్తానంటాడు, దాంతో మంచి కారున్నవాడు సంతకే రాడు. స్పోర్ట్స్ సెడాన్‌కు ఈ లెక్క మరింత గట్టిగా వర్తిస్తుంది, ఎందుకంటే దాన్ని వేగంగా నడపడానికే కొంటారు, వేగంగా నడిపిన గుర్తులు పైకి కనిపించవు. కంటికి కనిపించేవి రెండే: గేర్ లివర్, వెనక బ్యాడ్జీ. కాబట్టి కొనేవాళ్లు కనిపించని దాన్ని ఈ రెండింటిలో చదవడానికి ప్రయత్నిస్తారు. ఆ చదువు ఎంతవరకు సరైందో తేల్చుకోవడానికి ఎం5 కంటే మంచి ఉదాహరణ దొరకదు.

1980ల మధ్యలో వచ్చిన మొదటి ఎం5 నుంచి 2003 దాకా మూడు తరాలూ మాన్యువలే. మూడో తరం ఈ39లో ఉన్న ఆరు గేర్ల గెట్రాగ్ పెట్టె ఆ ఒక్క కారుకే చేసింది కాదు. మామూలు 540ఐ మాన్యువల్‌లోనూ అదే కుటుంబపు పెట్టె, రెండు తలుపుల ఈ46 ఎం3లోనూ అదే. క్లచ్ అరిగితే మార్చగల మెకానిక్‌లు, విడిభాగాలు ఊరూరా ఉన్నాయి. నాలుగో తరం ఈ60తో బీఎండబ్ల్యూ పూర్తిగా ఎస్‌ఎంజీకి మారింది. పేరుకు క్లచ్ పెడల్ లేదు గాని ఇది సిసలైన ఆటోమేటిక్ కాదు. లోపల మాన్యువల్‌లో లాంటి గేర్లూ క్లచ్చే ఉంటాయి; డ్రైవర్ కాలూ చెయ్యీ చేసే పనిని హైడ్రాలిక్ పంపు, వాల్వులు, కంప్యూటర్ కలిసి చేస్తాయి. రేసు ట్రాక్ మీద అది అద్భుతంగా పనిచేసింది. ట్రాఫిక్‌లో కుదుపు, పార్కింగ్‌లో తడబాటు మొదటి యజమానే భరించాడు. పంపు ఒత్తిడి తగ్గడం, క్లచ్ త్వరగా అరగడం, మరమ్మతుకు వేలకు వేల డాలర్లు కావడం తర్వాతి యజమానుల వంతైంది. పైగా ఆ ఏడు గేర్ల పెట్టె ఎం5, ఎం6 తప్ప మరే బీఎండబ్ల్యూలోనూ లేదు. అమెరికా కథ ఇక్కడ గమనించదగ్గది. కొత్త కార్లలో అత్యధికం ఆటోమేటిక్కే అయిన ఆ దేశంలోనే అభిమానులు మాన్యువల్ కావాలని పట్టుబట్టారు, బీఎండబ్ల్యూ ఉత్తర అమెరికాకు మాత్రమే ఆరు గేర్ల ఈ60 ఇచ్చింది. మాన్యువల్ నిత్య వాడుకగా ఉన్న యూరప్‌కు ఇవ్వలేదు. యూరప్‌లో మాన్యువల్ అంటే కింది మెట్టు కారుకూ ఉండేదే, ఖరీదైన కారుకు వేరే ఏదో ఉండాలి. అమెరికాలో మాన్యువల్ కోరి ఎంచుకునేదైంది. ఒకే యంత్రానికి రెండు ఖండాల్లో రెండు హోదాలు.

ఇదంతా కొరత మహిమే కదా అని ఎవరైనా అడగవచ్చు. మాన్యువల్ ఈ60లు వెయ్యి పైచిలుకే తయారయ్యాయి, కొద్దిగా ఉన్నదానికి ధర పెరగడం సహజం. ఈ అభ్యంతరం బలమైనదే, ఒక్క ఉదాహరణతో తోసిపుచ్చలేం. కాబట్టి మూడు సాక్ష్యాలను పక్కపక్కన పెట్టాలి. మొదటిది, ఈ39 ఎం5, ఈ60 ఎం5 రెండూ 20 వేల పైచిలుకు చొప్పునే తయారయ్యాయి. అంటే మొత్తం సంఖ్యలో తేడా లేదు, అయినా ధరలో ఈ39దే పైచేయి. ఇందులో ఇంజన్ పాత్ర ఉందని ఒప్పుకోవాలి. ఈ60 వీ10లో కనెక్టింగ్ రాడ్ బేరింగులు ముందే అరిగిపోతాయన్న పేరు పడింది, ఆ భయం ధరను తగ్గించింది. రెండోది, ఇంజన్ ఒకటే అయిన ఈ60లలో మాన్యువల్‌కు ఎక్కువ ధర. ఇందులో కొరత పాత్ర ఉంది, ఇంజన్ పాత్ర లేదు. మూడోది నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యం. ఈ46 ఎం3లో ఎస్‌ఎంజీ వేసిన కార్లకు కూడా లోపలి పెట్టె అదే గెట్రాగ్. అందుకని ఎంతోమంది యజమానులు సొంత డబ్బు పెట్టి పంపూ వాల్వులూ తీసేయించి క్లచ్ పెడల్ పెట్టించుకున్నారు. అలా మార్చిన కారు అసలు రూపం పోగొట్టుకుంటుంది. సేకరణకర్తల లెక్కలో దానికి అరుదైన కారు విలువ రాదు. కొరత కోసమే అయితే ఎవరూ ఆ పని చేయరు. నడపడానికి, నిలబెట్టుకోవడానికి తేలికని చేశారు.

ఇక్కడినుంచి మాన్యువల్ పూజకు పోవడం సులువు, కానీ చరిత్ర దానికి ఒప్పుకోదు. 1968లో మెర్సిడెస్ తెచ్చిన 300 ఎస్‌ఈఎల్ 6.3ను గుర్తుచేసుకోవాలి. ఇంజనీరు ఎరిక్ వాక్సెన్‌బెర్గర్ పట్టుదలతో 600 లిమోజిన్‌లోని 6.3 లీటర్ల వీ8ను మామూలు పెద్ద సెడాన్‌లో అమర్చిన కారది. 250 హార్స్‌పవర్, ఆటోమేటిక్ తప్ప మరో దారి లేదు. ఆరున్నర వేల కార్లు అమ్ముడయ్యాయి, నేటికీ గౌరవంగా చూసుకుంటున్నారు. మెర్సిడెస్ 1961 నుంచి సొంత ఆటోమేటిక్‌ను తన ఇతర సెడాన్లలో అమ్ముతూ పరిణతి చెందించింది; 6.3 యజమానిని భయపెట్టేది గేర్‌బాక్స్ కాదు, ఎయిర్ సస్పెన్షన్. 2003 నాటి ఈ55 ఏఎంజీలోనూ ఇదే కనిపిస్తుంది. సూపర్‌చార్జర్‌తో 476 హార్స్‌పవర్ ఇచ్చే ఆ ఇంజన్‌కు మెర్సిడెస్ అప్పటి కొత్త ఏడు గేర్ల ఆటోమేటిక్ ఇవ్వలేదు, ఆ టార్క్‌ను అది మోయలేదని. 1996 నుంచి అనేక కార్లలో రుజువైన పాత ఐదు గేర్లదే వేసింది. ఈ60 ఎం5తో పోటీపడ్డ ఈ కారులో గేర్‌బాక్స్ దీర్ఘాయుష్షుతో బతికింది. యజమానులను పట్టి పీడించింది ఎస్‌బీసీ అనే ఎలక్ట్రానిక్ బ్రేకు వ్యవస్థ. అది ఎన్నిసార్లు బ్రేకు వేశారో లెక్కపెట్టుకుని, పరిమితి దాటగానే హెచ్చరిక వెలిగిస్తుంది. 2006 మార్పుల్లో మెర్సిడెసే దాన్ని ఈ క్లాస్ నుంచి తొలగించింది.

ఎం5 వంశం కూడా చివరకు అక్కడికే చేరింది. ఈ60 తర్వాతి తరంలో ఎస్‌ఎంజీని వదిలి డ్యుయల్ క్లచ్ వేశారు. 2017లో ప్రకటించిన ఆ పై తరంలో డ్యుయల్ క్లచ్‌నూ వదిలి, ద్రవం గుండా బలం పంపే టార్క్ కన్వర్టర్ ఉన్న, జెడ్‌ఎఫ్ కంపెనీ ఎనిమిది గేర్ల ఆటోమేటిక్‌కు వచ్చారు. 2009లో బీఎండబ్ల్యూ 760లో మొదట కనిపించిన ఈ 8హెచ్‌పీ కుటుంబం ఆ తర్వాత జాగ్వార్, ఆడీ, క్రైస్లర్, డాడ్జ్ కార్లలోకి వెళ్లింది. టార్క్ కన్వర్టర్ ఎక్కువసేపు లాక్ అయి ఉంటుంది కనుక, 1940ల ఆటోమేటిక్ మీద పెట్టిన అభియోగం దీనికి చెల్లదు. దీన్ని విప్పి బాగుచేసే వర్క్‌షాపులు ప్రపంచమంతా ఉన్నాయి. కారు కంపెనీలు లోపలి ఆయిల్ జీవితకాలానికి సరిపోతుందన్నా, తయారుచేసిన జెడ్‌ఎఫ్ మాత్రం 80 వేల నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య మార్చమంటోంది. ఈ ఒక్క మాట తెలిసిన కొనుగోలుదారుకు సర్వీస్ రికార్డులో ఏ వరుస వెతకాలో తెలుస్తుంది. 2021 నుంచి చెన్నైలో కూర్పు జరిగి మన దగ్గర అమ్ముడవుతున్న ఎం340ఐలో ఉన్నదీ ఈ కుటుంబపు ఆటోమేటిక్కే, మాన్యువల్ లేదు. హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్ ఎం340ఐ చూసేవారికి గేర్‌బాక్స్ ఎంపిక లేకపోవడం లోటు అనిపించవచ్చు గాని, భయపడాల్సింది మాత్రం లేదు.

పది కార్లలో వాడినంత మాత్రాన గేర్‌బాక్స్ మంచిదైపోతుందా? కాదు. ఫోక్స్‌వ్యాగన్ డీఎస్‌జీ అని పిలిచే డ్యుయల్ క్లచ్ పెట్టెల్లో ఏడు గేర్ల డ్రై క్లచ్ రకం, డీక్యూ200, దానికి సాక్షి. లక్షల కార్లలో వాడారు, అయినా వేడికీ ట్రాఫిక్‌కూ అది తట్టుకోలేకపోయిన చోట్లున్నాయి. 2013లో ఒక్క చైనాలోనే 3,84,000కు పైగా కార్లను వెనక్కి పిలవాల్సి వచ్చింది. మన రోడ్ల మీది ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ జీటీలో 1.5 లీటర్ల టర్బో ఇంజన్ ఇచ్చే టార్క్ 250 న్యూటన్ మీటర్లు. డీక్యూ200 మోయగల పరిమితి కూడా సరిగ్గా 250. 2022లో ఆ ఇంజన్ ఈ డీఎస్‌జీతోనే వచ్చింది, మాన్యువల్ మరుసటి ఏడాది గాని కలవలేదు. కాబట్టి విస్తృత వాడకం బలానికి హామీ ఇవ్వదు. కానీ అది లోపాన్ని బయటపెడుతుంది. లక్షల మంది వాడిన గేర్‌బాక్స్ ఎక్కడ చెడుతుందో, ఏ ఏడాది నుంచి మెరుగైందో, చెడితే ఎవరు బాగుచేస్తారో జనానికి తెలుసు. అకర్లాఫ్ చెప్పిన అజ్ఞానం అక్కడ కొంత తొలగుతుంది. ఒక్క మోడల్‌కే పరిమితమైన యంత్రం విషయంలో కొనేవాడికి ఆ ఆసరా దొరకదు. ట్రాఫిక్‌లో రోజూ రెండు గంటలు నడిచిన డీఎస్‌జీ వర్టస్ కంటే, అదే ధరకు దొరికిన మాన్యువల్‌ను నేను మేలంటాను. అది మాన్యువల్ అయినందుకు కాదు, దాని క్లచ్ ఖర్చు ముందే అంచనా వేయగలిగినందుకు.

మాన్యువల్‌కు తనదైన ప్రమాదం ఒకటుంది, దాన్ని అభిమానులు సరిగ్గా చెప్పరు. ఆటోమేటిక్ తప్పు గేరు పడనివ్వదు. మాన్యువల్‌లో వేగంగా వెళ్తూ నాలుగు బదులు రెండు వేస్తే ఇంజన్ పరిమితి దాటి తిరుగుతుంది, వాల్వులు వంగవచ్చు, ఆ గాయం బయటికి కనబడదు. మాన్యువల్ కారంటే మునుపటి యజమాని చేతి అలవాట్లను కూడా కొనడమే. అందుకే నిర్లక్ష్యంగా వాడిన మాన్యువల్ కంటే రికార్డులన్నీ ఉన్న జెడ్‌ఎఫ్ ఆటోమేటిక్ నిశ్చయంగా మెరుగు. ఇంజన్ ఆరోగ్యం ఈ రెండింటికంటే ముఖ్యమన్న వాదననూ నేను కాదనను. వీ10 బేరింగులు మాన్యువల్ ఈ60లోనూ అరుగుతాయి. గేర్‌బాక్స్ ఎంపిక దానికి బదులు కాదు.

వేరియంట్ విషయంలో ఇదే కొలత పెడితే పైమెట్టు అలంకారాలన్నీ ఒకే తూకం తూగవు. పెద్ద బ్రేకులు, లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్, గట్టి స్ప్రింగులు అరిగినా మామూలుగా మార్చగలిగేవి, కారు స్వభావాన్ని మార్చేవి. ఎయిర్ సస్పెన్షన్, ఎలక్ట్రానిక్ డ్యాంపర్లు, ఆ ఏడాదికే పరిమితమైన తెర, మరే మోడల్‌లోనూ లేని చక్రం కొలత అలా కాదు. పాత బీఎండబ్ల్యూలలో స్పోర్ట్ ప్యాకేజీ ఉన్న మధ్య మెట్టు కారును చాలామంది పైమెట్టు కంటే ఇష్టపడటంలో ఈ వివేకం ఉంది. ఈ39 540ఐ మాన్యువల్ ఎం5 గేర్‌బాక్స్‌తో, ఎం5 కంటే తక్కువ ఖర్చయ్యే ఇంజన్‌తో వస్తుంది. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో పాత జర్మన్ సెడాన్ కొనాలనుకునేవారికి అక్కడి సంతలో ఈ తేడా రోజూ ఎదురయ్యేదే.

ఇటీవలి ఎం3లో గేర్‌బాక్స్‌కూ వేరియంట్‌కూ మధ్య ముడి ఇంకా బిగిసింది. 2021లో వచ్చినప్పుడు జీ80 తరంలో మామూలు ఎం3కి 480 హార్స్‌పవర్, 550 న్యూటన్ మీటర్ల టార్క్, ఆరు గేర్ల మాన్యువల్. కాంపిటిషన్ వేరియంట్‌కు 510 హార్స్‌పవర్, 650 న్యూటన్ మీటర్లు, ఎనిమిది గేర్ల ఆటోమేటిక్ మాత్రమే. నాలుగు చక్రాల డ్రైవ్ కావాలన్నా కాంపిటిషనే తీసుకోవాలి. టీఐ/ఎస్‌ఏ రోజుల్లో పైమెట్టుతో పాటు ఎక్కువ గేర్ల మాన్యువల్ వచ్చేది. ఇప్పుడు మాన్యువల్ కోరినవాడే కింది మెట్టులో, తక్కువ బలంతో ఉండిపోతాడు. ఈ కార్లు మరో పదేళ్లకు మూడో చేతికి వచ్చినప్పుడు కాంపిటిషన్ యజమాని ముందు ఉండేది ప్రపంచమంతా తెలిసిన జెడ్‌ఎఫ్ పెట్టె. ఈ60 ఎస్‌ఎంజీ యజమానికి పట్టిన గతి అతనికి పట్టదు. అందుచేత ఈ60లో మాన్యువల్‌కూ ఎస్‌ఎంజీకీ మధ్య ఏర్పడినంత దూరం వీటి ధరల్లో ఏర్పడకపోవచ్చు. ఏర్పడితే అది నిజంగానే కొరత వల్ల, ఇష్టం వల్ల ఏర్పడిందని అప్పుడు అనవచ్చు.